తుపాకీ దించిన తర్వాత
(మల్లు స్వరాజ్యం స్మారకోపన్యాస పాఠం)

 

సూర్యాపేటలో నిలబడి మల్లు స్వరాజ్యం గారి గురించి మాట్లాడడం తేలిక కాదు. ఆమె ఉపన్యాసాలు చెవులారా విన్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఆ గొంతు విన్నవాళ్లకు ఇంకొకరి మాట చప్పగా తోచడం సహజం. అందువల్ల ఆమె వీరగాథను మళ్లీ చెప్పే ప్రయత్నం చేయను. 2022 మార్చి 19న హైదరాబాద్‌లో ఆమె కన్నుమూసినప్పుడు పత్రికలన్నీ ఆ గాథనే చెప్పాయి. మీసాలు రాని కుర్రాళ్లతో సమానంగా తుపాకీ పట్టిన ఆడపిల్ల, రాజక్క పేరుతో అడవుల్లో తిరిగిన దళ నాయకురాలు, పట్టి ఇచ్చినవారికి పది వేల రూపాయలిస్తామని ప్రభుత్వం ప్రకటించిన మనిషి. ఇవన్నీ నిజాలే. అయితే తొంభై ఏళ్లు దాటిన బతుకులో ఆ తెలంగాణ సాయుధ పోరాట కాలం అయిదారేళ్లకు మించదు. మిగిలిన డెబ్బై ఏళ్లు ఆమె ఏం చేశారు? ఆ డెబ్బై ఏళ్లను మనం ఎందుకు ఇంత తక్కువగా తలుచుకుంటున్నాం? ఈ రెండు ప్రశ్నలూ నన్ను ఇక్కడికి తీసుకొచ్చాయి.

నా ప్రతిపాదన ముందే చెబుతాను. స్వరాజ్యం గారిని ప్రజా నాయకురాలిగా మలిచిన బడి గెరిల్లా దళం కన్నా, పోరాట గ్రామాల్లో పాలన నడిపిన గ్రామరాజ్య కమిటీ అని నేను అనుకుంటున్నాను. తగాదాలు విచారించడం, భూమి కొలవడం, కూలి రేటు తేల్చడం, కొట్టిన మగవాణ్ణి నలుగురిలో నిలబెట్టి అడగడం ఆమె అక్కడ నేర్చుకున్నారు. ఆ పాలనా విద్యనే తర్వాత అర్జీలలోకి, ధర్నాలలోకి, శాసనసభలోకి, సారా వ్యతిరేక పోరాటంలోకి తీసుకెళ్లారు. తుపాకీ ఆ విద్యకు కాపలా కాసింది. కాపలాకు విగ్రహాలు కట్టి, అది కాపాడిన పనిని మరిచిపోయాం.

ఆమె పుట్టిన ఊరు తుంగతుర్తి ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెం. తండ్రి భీమిరెడ్డి రామిరెడ్డి, తల్లి చొక్కమ్మ. వందల ఎకరాల భూస్వామ్య కుటుంబం. చుట్టూ ఉన్నది దేశ్‌ముఖుల రాజ్యం. ఒక్క ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి అధీనంలోనే లక్షా యాభై వేల ఎకరాలు ఉండేవని కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. ఆ లెక్క ఎకరాల్లో చెప్పినప్పుడు మనకు సరిగా ఎక్కదు. గడీ ముందు నుంచి నడిచేవాడు చెప్పులు చేతపట్టుకుని పోవాలి. బాలింత అయినా చంటిబిడ్డను చెట్టుకింద పడుకోబెట్టి దొర పొలంలో దిగాలి. కుమ్మరి, చాకలి, మంగలి, మాదిగ, ప్రతి కులానికీ ఒక వెట్టి రాసిపెట్టి ఉండేది. గడీ ఆడపిల్ల అత్తవారింటికి పోతే ఊరి ఆడపిల్లల్ని దాసీలుగా వెంట పంపేవారు. చట్టం, కోర్టు, ఠాణా, పన్నుల కచ్చేరీ, నాలుగూ ఒక్క ఇంటి అరుగు మీదే కూర్చునేవి.

అలాంటి వ్యవస్థలో పై అంతస్తున పుట్టిన పిల్ల పదీ పన్నెండేళ్ల వయసులో ఆంధ్రమహాసభ పిలుపు విని తమ వెట్టివాళ్లకు బియ్యం పంచింది. మేనమామలు, బంధువులు అడ్డుకున్నారు. తల్లి చొక్కమ్మ అడ్డుకున్నవాళ్ల పక్షాన నిలబడకుండా కూతురి పక్కన నిలబడింది. ఈ సంఘటనను జీవితచరిత్రకారులు ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం కథంతా ఇక్కడే మొదలైనట్టు కనిపిస్తుంది. ఆ కాలపు భూస్వామి ఇంట్లో ధాన్యపు కొట్టు తాళం ఇల్లాలి దగ్గర ఉంటుంది. బయటి భూమి మీద ఆమెకు హక్కు లేదు, కోర్టులో మాట లేదు, ఊరి పంచాయితీలో కూర్చునే చోటు లేదు. గాదె మీద మాత్రం పెత్తనం ఉంది. ఆమెకున్న ఆ ఒక్క అధికారాన్నీ చొక్కమ్మ కూతురి చేతికిచ్చింది.

అన్న భీమిరెడ్డి నరసింహారెడ్డి, మనందరం పిలుచుకునే బి.ఎన్., చెల్లెలికి చదవమని ఇచ్చిన పుస్తకం గోర్కీ ‘అమ్మ’. ఆ నవలలో కొడుకు దారిలో తల్లి ఉద్యమంలోకి నడుస్తుంది. కరివిరాల కొత్తగూడెంలో తలుపు తీసింది తల్లి. పిల్లలు ఆ తలుపులోంచి బయటికి వెళ్లారు. అన్న, అక్క శశిరేఖ, తాను. ముగ్గురూ ఉద్యమంలోకే. తెలంగాణ పోరాట చరిత్ర రాసేవాళ్లు చొక్కమ్మ లాంటి తల్లులకు ఒక అధ్యాయం బాకీ ఉన్నారు.

ఆంధ్రమహాసభ చరిత్రను కాస్త వెనక్కి తిప్పి చూద్దాం. 1930లో జోగిపేటలో తొలి ఆంధ్రమహాసభ జరిగినప్పుడు దానికి తోడుగా మహిళా సభ కూడా జరిగింది. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. మరుసటి ఏడు మన పక్కనే ఉన్న దేవరకొండలో రెండో సభ. స్త్రీ విద్య, బాల్యవివాహాలు, వితంతు వివాహం వంటి విషయాల మీద తీర్మానాలు జరిగేవి. నిజాం రాజ్యంలో తెలుగులో సభ పెట్టుకోవడమే సాహసమైన రోజుల్లో ఆ తల్లులు చేసిన పని చిన్నది కాదు. అయితే ఆ సభలకు వచ్చినవారు ఎక్కువగా వకీళ్ల ఇళ్ల నుంచి, ఉద్యోగుల ఇళ్ల నుంచి, చదువుకున్న కుటుంబాల నుంచి వచ్చారు. 1944లో భువనగిరి సభలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడయ్యాక మహాసభ గ్రామంలోకి దిగింది, నాలుగణాల సభ్యత్వంతో కూలీలు, వృత్తికులాలు లోపలికొచ్చాయి. అప్పుడు ఆడవాళ్ల సమస్యల జాబితా కూడా మారింది. పెళ్లి వయసు పక్కన వెట్టి వచ్చి కూర్చుంది. చదువు పక్కన కూలి గింజల కొలత చేరింది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన నాలుగెకరాల పంట కోసం విసునూరు దొరకు ఎదురు నిలిచింది ఆ కాలంలోనే.

1946 జూలై 4న కడవెండిలో ఆంధ్రమహాసభ కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర మనుషుల కాల్పుల్లో నేలకొరిగాక జరిగింది మీకు తెలిసిన చరిత్రే. తెలియవలసినంతగా తెలియనిది ఆ తర్వాత ఊళ్లలో వెలిసిన కమిటీల సంగతి. సుందరయ్య లెక్క ప్రకారం సుమారు 3,000 గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయి, 10 లక్షల ఎకరాలు పంచబడ్డాయి. భూపరిమితి మొదట 500 ఎకరాలు అనుకున్నారు, తర్వాత 200, ఆ తర్వాత మెట్ట 100, తరి 10 ఎకరాలకు దించారు. పరిమితిని ఇలా దశలవారీగా సవరించారంటే, వినతులు విని, లెక్కలు వేసి, తప్పు దిద్దుకున్న యంత్రాంగం ఒకటి పనిచేసిందన్నమాట. ఆవేశం ఒక్కటే నడిపించిన ఉద్యమం ఇంత లెక్క చూసుకోదు. అదొక ప్రభుత్వం. కాగితం, కచేరీ లేకపోయినా ప్రభుత్వమే. ఎవరి కంది చేను ఎక్కడి దాకా, ఎవరి ఎద్దు ఎవరి పొలంలో పడింది, వెళ్లగొట్టిన భార్యకు తిండి ఎవరు పెట్టాలి, పాలేరు జీతం ఎంత, ఇవన్నీ ఆ కమిటీల ముందుకొచ్చాయి.

స్వరాజ్యం గారు ఆ ఊళ్లలో తిరిగి పాటలు పాడారు, మీటింగులు పెట్టారు, ఆడవాళ్లను కూడగట్టారు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే ఉయ్యాల బాణీలోకి వెట్టి కష్టాలను ఎక్కించారు. తెలిసిన బాణీ కాబట్టి నేర్పవలసిన పని లేదు. పాట వినడానికి వచ్చిన ఆడవాళ్లు పాట అయ్యాక అక్కడే కూర్చుని తమ గోడు చెప్పుకునేవారు. ఒక రాజకీయ కార్యకర్తకు అంతకన్నా మంచి సర్వే దొరకదు. ఆమెకు జనం మాట తీరు, సామెత, తిట్టు, ఓదార్పు అన్నీ అక్కడే పట్టుబడ్డాయి. దశాబ్దాల తర్వాత మైకు ముందు నిలబడి ఆమె మాట్లాడుతుంటే ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ మధ్యలో జవాబు చెప్పేదంటే, ఆ సంభాషణ 1946లో మొదలైనది కాబట్టే.

1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యాలు వచ్చాయి. నిజాం లొంగాడు, పోరాటం ఆగలేదు. గడీలు వదిలి పారిపోయిన దొరలు కొత్త ప్రభుత్వం వెనక తిరిగొచ్చారు. దళాలు గోదావరి వైపు అడవులకు మళ్లాయి. స్వరాజ్యం గారు కోయ గూడేల మధ్య రాజక్కగా పనిచేసింది ఈ ఘట్టంలోనే. 1951 అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటన వెలువడింది.

విరమణ తర్వాత మగవాళ్ల ముందు దారులు తెరుచుకున్నాయి. 1952 ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి దేశంలోనే అత్యధిక ఓట్లతో, నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. ఆరుట్ల కమలాదేవి వంటి ఒకరిద్దరిని వదిలేస్తే ఆడవాళ్ల దారి ఇంటికే. అడవిలో దళంతో నడిచిన వాళ్లు, పసిపిల్లల్ని వదులుకుని వచ్చినవాళ్లు, పురుడు పోసుకుని మళ్లీ నడిచినవాళ్లు, ఇప్పుడిక పెళ్లి చేసుకుని సంసారాలు చూసుకోండన్న మాట విన్నారు. స్త్రీశక్తి సంఘటన ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ ఆ బాధను వాళ్ల నోటనే రికార్డు చేసింది. స్వరాజ్యం గారి కథనం కూడా అందులో ఉంది. కమ్యూనిస్టు ఉద్యమం మీద నాకున్న గౌరవం ఈ మాట చెప్పకుండా నన్ను ఆపదు: తుపాకీ ఇచ్చినప్పుడు ఆడా మగా చూడని పార్టీ, పదవి ఇచ్చేటప్పుడు చూసింది. ఈ విమర్శ మొదట బయటివాళ్లు చేసినది కాదు, ఆ పోరాటంలో ఉన్న స్త్రీలే చేశారు.

స్వరాజ్యం గారు మల్లు వెంకట నర్సింహారెడ్డి గారిని పెళ్లి చేసుకున్నారు. వి.ఎన్. నల్గొండ జిల్లాలో పార్టీకి వెన్నెముక. ఇటు భర్త, అటు అన్న. మిర్యాలగూడ నుంచి బి.ఎన్. మూడుసార్లు లోక్‌సభకు వెళ్లారు. ఇలాంటి రెండు మహావృక్షాల నీడలో మూడో మొక్క ఎదగడం కష్టం. చాలా పుస్తకాల్లో ఆమె ఇంకా “బి.ఎన్. చెల్లెలు, వి.ఎన్. భార్య”గానే పరిచయం అవుతున్నారు. ఆమె పిల్లలను పెంచారు, కార్యకర్తలకు వండి పెట్టారు, అజ్ఞాతం నుంచి వచ్చిపోయేవాళ్లను చూసుకున్నారు, ఆ పని నడుమనే ఊళ్లు తిరిగారు. ఉద్యమకారుల ఇళ్లలో ఇల్లాలి పని ఎప్పుడూ ఉద్యమ ఖాతాలో పడదు. ఎవరైనా ఆ ఇంట్లో భోజనం చేశామని గర్వంగా చెప్పుకుంటే, ఆ భోజనం ఎవరు వండారో అదే వాక్యంలో చెప్పమని నా మనవి.

మన ప్రాంతపు నీళ్ల చరిత్ర తెలియకుండా ఆమె రెండో జీవితం అర్థం కాదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ తడిశాయి. జొన్న, ఆముదం పండిన చేలు వరిపొలాలయ్యాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొన్నారు, మిర్యాలగూడలో బియ్యం మిల్లుల వరుస లేచింది. కోదాడ, ఒకప్పుడు నైజాం రాజ్యపు అంచు, రహదారి మీద పెద్ద వ్యాపార కేంద్రమైంది. పక్కనే ఉన్న మునగాల పరగణా మాత్రం నిజాం కాలంలో ఆయన రాజ్యంలో లేదు. కృష్ణా జిల్లాలో చేరి ఉన్న జమీందారీ అది. అక్కడి రైతులు నండూరి ప్రసాదరావు వంటి వారి నాయకత్వంలో మనకన్నా ముందే జమీందారును ఎదిరించారు. సరిహద్దు అవతలి ఆ పోరాటం ఇవతలివాళ్లకు ఒక పాఠశాల.

సూర్యాపేటకు ఉత్తరాన తుంగతుర్తి వైపు కథ వేరు. అప్పట్లో అటు కాలువ లేదు. మూసీ నీళ్లు కొన్ని ఊళ్లకే. మిగతావాళ్లకు బావి, ఆ తర్వాత బోరు, బోరుకోసం అప్పు. ఒకే జిల్లాలో ఒకే పోరాటంలో నెత్తురు చిందించిన రెండు ప్రాంతాల మధ్య కాలువ గీత గీసింది. గీతకు ఎగువన మిగిలినవాళ్లకు శ్రీరాంసాగర్ రెండో దశ నీళ్లు కావాలని బి.ఎన్. జీవితాంతం అడుగుతూ వచ్చారు. దొర చేతిలోని భూమిని పంచడం ఒక తరం పని అయితే, పంచిన భూమికి నీళ్లు తేవడం మూడు తరాల పని అయింది. తుపాకీతో భూమి తెచ్చుకోవచ్చు గాని, నీళ్లు తెచ్చుకోలేం. నీళ్లకు బడ్జెట్టు కావాలి, డిజైను కావాలి, అసెంబ్లీలో ప్రశ్న కావాలి, ఇంజనీరు టేబులు ముందు పదోసారి కూర్చునే ఓపిక కావాలి.

1978లో, ఇందిరా కాంగ్రెస్ గాలి వీచిన ఎన్నికల్లో, ఆమె తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచారు. 1983లో తెలుగుదేశం ప్రభంజనంలో మళ్లీ గెలిచారు. రెండు గాలులకూ ఎదురుగా గెలిచిన ఆ గెలుపులకు పోరాట జ్ఞాపకం ఒక్కటే కారణమని నేను నమ్మను. ముప్పై ఏళ్ల నాటి తుపాకీ కథకు జనం చేతులెత్తి మొక్కుతారు గాని ఓటు వేరే లెక్క. రేషను కార్డు పోయిందంటే తాసీల్దారు దగ్గరికి వెంట వచ్చే మనిషి, పోలీసులు కొడుకును తీసుకెళ్తే రాత్రిపూట ఠాణా ముందు కూర్చునే మనిషి, తాగొచ్చి కొట్టిన అల్లుణ్ణి పిలిచి నిలదీసే మనిషి ఎవరో చూసి వేస్తారు. చిన్న పట్టణపు నాయకత్వం అంటే ఇదే. దానికి గంభీరమైన పేరు లేదు. దాని పని పొద్దున్నే ఎవరో గేటు తీసిన చప్పుడుతో మొదలవుతుంది.

ఈ పని ఆడమనిషి చేసినప్పుడు దాని స్వభావం కొంత మారుతుందని చెప్పడానికి నేను వెనకాడను. మగ నాయకుడి దగ్గరికి సమస్య వచ్చేటప్పటికి అది ఇంట్లోంచి మగవాడి నోట వడకట్టి వస్తుంది. ఆమె దగ్గరికి ఆడవాళ్లు నేరుగా వచ్చారు. కాబట్టే సారా సమస్య మన జిల్లాల్లో మహిళా సంఘాలకు ముందే తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన వార్త రాష్ట్రమంతా పాకింది. ఆ ఉద్యమంలో స్వరాజ్యం గారు ముందు నిలిచారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం, 1997కల్లా అది సడలిపోయింది. ఆదాయం లెక్క చెప్పి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ ఆదాయంలో ఎంత భాగం కూలి ఆడవాళ్ల కష్టార్జితమో ఏ ఆర్థిక మంత్రీ బడ్జెట్టు ప్రసంగంలో విడదీసి చెప్పలేదు. గ్రామరాజ్య కమిటీల ముందు కొట్టే మొగుణ్ణి నిలబెట్టి అడిగిన ప్రశ్నకూ, నలభై అయిదేళ్ల తర్వాత సారా కొట్టు ముందు అడిగిన ప్రశ్నకూ తేడా లేదు. అడిగినవాళ్లలో ఒకరు రెండుచోట్లా ఉన్నారు.

భూమి విషయంలోనూ ఇలాంటి పొడవాటి నీడ ఒకటి ఉంది. 1940లలో భూమి ప్రశ్న రైతు ప్రశ్న. రైతు అంటే మగవాడే అన్నది అందరి ఊహ. వ్యవసాయపు పనుల్లో సగానికి పైగా చేసే స్త్రీ పేరు పట్టాలో ఉండాలన్న ఆలోచన పోరాటం నడిపినవాళ్లకు కూడా ఆలస్యంగా తట్టింది. పిత్రార్జితంలో కూతుళ్లకు కొడుకులతో సమాన వాటా ఇస్తూ ఆంధ్రప్రదేశ్ చట్టం 1986లో వచ్చింది, స్వరాజ్యం గారు శాసనసభ నుంచి బయటికి వచ్చిన మరుసటి ఏడు. పొలం గట్టు మీద ఆ చట్టం ఇంకా పూర్తిగా అమలు కాలేదని ఈ సభలో ఉన్న అక్కచెల్లెళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

తొంభై ఏళ్లకు చేరువలో ఆమె తన కథను కాత్యాయని, విమల గార్లకు చెప్పారు. 2019లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘నా మాటే తుపాకీ తూటా’గా అచ్చువేసింది. పేరులో తుపాకీ ఉంది, నిజమే. లోపల మాత్రం మనుషులున్నారు. మరణం తర్వాత దేహాన్ని నల్గొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు అప్పగించారు. కర్మకాండ, సమాధి, రెండూ లేవు. ఆమె జ్ఞాపకం ఒకచోట కుదురుగా కూర్చోవడానికి వీలు లేకుండా చేసి వెళ్లారనిపిస్తుంది.

ఇప్పుడు మన కాలం సంగతి. 1993లో 73, 74 రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించాయి. తెలంగాణలో ఇప్పుడు సగం. సూర్యాపేటలో, కోదాడలో, మిర్యాలగూడలో మునిసిపల్ సభల్లో కూర్చునేవారిలో సగంమంది స్త్రీలు. స్వరాజ్యం గారి తరానికి ఇది కల. అయినా “సర్పంచ్ భర్త” అనే పదవి రాజ్యాంగంలో లేకుండానే మన ఊళ్లలో స్థిరపడింది. సంతకం ఆమెది, కుర్చీ అతనిది. దీన్ని చూసి రిజర్వేషన్లే వృథా అనేవాళ్లతో నేను ఏకీభవించను. గాదె తాళం ఒక్కటే అధికారంగా ఉన్న రోజుల్లో చొక్కమ్మ దానితోనే పని జరిపింది. ఇప్పటి మహిళా సర్పంచ్ దగ్గర చెక్కు మీద సంతకం ఉంది. మొదటి అయిదేళ్లలో భర్త మాటే వినవచ్చు. రెండోసారి గెలిచినామె పైపులైను ఎటు వేయాలో తానే చెబుతుంది. ఈ మూడు పట్టణాల్లో అలా మారిన స్త్రీలను నేనూ చూశాను, మీరూ చూశారు. తేడా ఎక్కడ వస్తుందంటే, స్వరాజ్యం గారి వెనక సంఘం ఉంది, గొడవ వస్తే నిలబడే పదిమంది ఉన్నారు. ఈనాటి కౌన్సిలర్ వెనక చాలాసార్లు కుటుంబం ఒక్కటే ఉంది, కాంట్రాక్టరు కూడా ఆ కుటుంబంలోనే ఉంటాడు.

అందువల్ల ఈ స్మారక సమితి ముందు ఒక పని ప్రతిపాదిస్తున్నాను. 1980లలో స్త్రీశక్తి సంఘటన మిత్రులు టేపురికార్డరు పట్టుకుని పోరాట స్త్రీల ఇళ్లకు వెళ్లకపోతే ఆ కథనాల్లో చాలా భాగం మనకు దక్కేది కాదు. ఇప్పుడు అదే పని 1995 తర్వాత గెలిచిన స్త్రీల విషయంలో చేయాలి. తొలి మహిళా సర్పంచులు, మండల అధ్యక్షులు, వార్డు సభ్యురాళ్లలో చాలామందికి అరవై, డెబ్బై దాటాయి. వాళ్ల దగ్గర అర్జీల నకళ్లు, గ్రామసభ తీర్మానాలు, ధర్నా ఫొటోలు, కోర్టు నోటీసులు ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. ఇళ్లు మారినప్పుడు మొదట పారేసేది ఆ పెట్టెనే. కళాశాల విద్యార్థులు ఊరికి ఇద్దరు చొప్పున వెళ్లి అడగాలి. మొదటిసారి సభలో ఏం మాట్లాడారు, ఎవరు నవ్వారు, ఎవరు ఊరుకోమన్నారు, ఏ పని సాధించారు, ఏ పని కాకుండా పోయింది, ఆ రోజు ఇంట్లో వంట ఎవరు చేశారు, అని. తుంగతుర్తి వైపు మొదలుపెట్టమని నా సూచన. అక్కడ స్వరాజ్యం గారికి అర్జీ రాసి ఇచ్చిన చేతులు కొన్ని ఇంకా ఉన్నాయి. ఈ ఏడాదే మొదలైతే మేలు.